సిసకేత్ అగ్నిపర్వత దూరియన్: గుర్తించడం నుంచి తినడం దాకా ఒక సమగ్ర మార్గదర్శి

థాయ్‌లాండ్ ఈశాన్య ప్రాంతంలో, కంబోడియా సరిహద్దున సాగే డాంగ్రెక్ కొండలకు ఉత్తరంగా సిసకేత్ జిల్లా ఉంది. థాయి లిపిలో ఆ పేరు ‘శ్రీ’ అనే మాటతోనే మొదలవుతుంది కానీ, పలుకుబడిలో అది ‘సి’గా మారింది. ఈ జిల్లాలోని ఖున్ హాన్, కంథరలక్, సి రత్తన అనే మూడు మండలాల తోటల్లో పండే దూరియన్‌కు (పైన ముళ్లు, ఘాటైన వాసన ఉండే పెద్ద పండు) 2018లో అక్కడి ప్రభుత్వం భౌగోళిక గుర్తింపు ఇచ్చింది. మన బంగినపల్లి మామిడికి 2017లో లభించిన రక్షణ వంటిదే ఇది. ఆ మూడు మండలాల బయట పండిన కాయకు ఆ పేరు పెట్టి అమ్మే హక్కు ఎవరికీ లేదు.

థాయ్‌లాండ్ వెళ్లే తెలుగువారిలో చాలామంది దూరియన్‌ను ఒకే ఒక్కసారి, అదీ రోడ్డు పక్కన ప్లాస్టిక్ పొరలో చుట్టిన ఒక ముక్కగా రుచి చూసి, ఇక ఈ జన్మకు చాలని నిర్ణయించుకుంటారు. ఆ నిర్ణయానికి కారణం చాలాసార్లు పండు కాదు, దాన్ని తిన్న రోజు. భౌగోళిక గుర్తింపు చీటీ కాయ ఎక్కడ పండిందో చెబుతుంది. అది ఏ రోజున చెట్టు నుంచి కోయదగినదైందో, ఏ రోజున తినదగినదవుతుందో మాత్రం చెప్పదు. ఆ రెండు రోజులను కనిపెట్టడం కొనేవారు నేర్చుకోవలసిన విద్య. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దానికే కేటాయించాను.

ముందుగా నేల సంగతి

పేరులో అగ్నిపర్వతం ఉంది కాబట్టి పొగలు చిమ్మే కొండ ఏదో కనిపిస్తుందని ఆశించవద్దు. అక్కడ ఉన్నవి ఎన్నో లక్షల ఏళ్ల కిందట చల్లారిన లావా పొరలు. ఆ లావా బసాల్ట్ శిలగా గట్టిపడి, తరువాత వానకూ ఎండకూ చివికి ఎర్రటి మట్టిగా మారింది. ఆదిలాబాద్, వికారాబాద్ వైపు మన దక్కను పీఠభూమి మీద ఉన్నదీ బసాల్ట్ శిలే. అయితే తక్కువ వానలో అది నల్లరేగడిగా మారి, నీటిని పట్టి ఉంచి, తడిసినప్పుడు ఉబ్బుతుంది. ఎక్కువ వాన కురిసే చోట సున్నం వంటి లవణాలు కొట్టుకుపోయి, ఇనుము తుప్పు మాత్రం మిగలడం వల్ల అదే శిల నుంచి ఎర్రమట్టి తయారవుతుంది. ఈ ఎర్రమట్టిలో నీరు నిలవదు. దూరియన్ వేరు నిలవ నీటిని ఏమాత్రం సహించలేదు. తడి నేలలో ఫైటోఫ్తొరా అనే శిలీంధ్రం వంటి తెగులు సోకి చెట్టు మొదలుతో సహా కుళ్లిపోతుంది.

సిసకేత్ కాయ గుజ్జు తడిగా ఉండదని, పీచు సన్నగా, వాసన మెత్తగా ఉంటుందని అక్కడి రైతులు చెప్పే మాటకు ఆధారం ఈ నేలే. కోతకాలం వానాకాలంలో పడుతున్నా, మట్టి నీటిని త్వరగా కిందికి దించేస్తుంది కాబట్టి, గుజ్జులోకి అనవసరమైన నీరు చేరే అవకాశం తగ్గుతుంది. థాయి భాషలో ఈ పండును ‘థురియన్ ఫూఖావ్ ఫై’ అంటారు. ఫూఖావ్ అంటే కొండ, ఫై అంటే నిప్పు. అంగడిలో ఈ మాటను పలకగలిగితే చాలు, మీరు ఏమి అడుగుతున్నారో అమ్మేవారికి అర్థమవుతుంది.

మొదటి మెట్టు: ఏ రకం కావాలో నిర్ణయించుకోండి

గుర్తింపు పొందిన పండు ఒకే రకం కాదు. మోన్‌థోంగ్, చనీ, కాన్ యావ్ అనే మూడు రకాలకు అది వర్తిస్తుంది. మోన్‌థోంగ్ అంటే బంగారు దిండు. కాయ పెద్దది, కొన వైపు కాస్త సూదిగా ఉంటుంది, గుజ్జు లేత పసుపు రంగులో మందంగా, గింజ చిన్నదిగా, వాసన తక్కువగా ఉంటుంది. మొదటిసారి తినేవారు దీనితోనే ఆరంభించాలన్నది నా దృఢమైన అభిప్రాయం. చనీ అంటే గిబ్బన్ కోతి. దాని గుజ్జు ముదురు పసుపు, వాసన గాఢం, కాయ మోన్‌థోంగ్ కంటే ముందుగా పక్వానికి వస్తుంది. కాన్ యావ్ అంటే పొడుగు తొడిమ. గుండ్రని కాయ, వెన్నలాంటి గుజ్జు. ఇది దొరకడం అరుదు, ధర కూడా ఎక్కువ. దొరికినప్పుడు వదులుకోవద్దు.

రెండవ మెట్టు: వెళ్లే కాలం, వెళ్లే దారి

థాయ్‌లాండ్ తూర్పు తీరాన చంథబురి, రయోంగ్ తోటల్లో కోత ఏప్రిల్, మే నెలల్లో జోరుగా సాగుతుంది. సిసకేత్ కోత వాటి కంటే ఆలస్యంగా మొదలై జూన్, జులై నెలల్లో ఊపందుకుంటుంది. జిల్లాలో రంబుటాన్, దూరియన్ పండ్ల ఉత్సవం జరిగేది కూడా ఈ రోజుల్లోనే. కాబట్టి మార్చిలోనో ఏప్రిల్ మొదట్లోనో ఎవరైనా సిసకేత్ కాయ అని చూపిస్తే అనుమానించవలసిందే.

బ్యాంకాక్ నుంచి ఉబోన్ రాత్చథానీ వెళ్లే రైలు మార్గంలో, దాదాపు 515 కిలోమీటర్ల దూరాన సిసకేత్ స్టేషన్ వస్తుంది. విమానంలో వెళ్లేవారు ఉబోన్‌లో దిగి రోడ్డు మార్గాన రావచ్చు. తోటలు సిసకేత్ పట్టణానికి దక్షిణంగా ఇంచుమించు 60 కిలోమీటర్ల దూరంలో ఉంటాయి. కోతకాలంలో చాలా తోటలు సందర్శకులను లోపలికి రానిచ్చి, అక్కడే కోసి తినిపిస్తాయి. ఒక హెచ్చరిక అవసరం. కంథరలక్ మండలం కంబోడియా సరిహద్దుకు ఆనుకొని ఉంది, 2025లో ఆ ప్రాంతంలో రెండు దేశాల సైన్యాల మధ్య ఘర్షణలు జరిగాయి. బయలుదేరే ముందు భారత రాయబార కార్యాలయం ఇచ్చే ప్రయాణ సూచనలను తప్పక చూసుకోండి. అంత దూరం వెళ్లలేనివారు బ్యాంకాక్‌లో చతుచక్ సంత ఎదుట ఉన్న ఓర్ తోర్ కోర్ అంగడిలో వెతకవచ్చు. మేలైన పండ్లకు అది పేరున్న చోటు.

మూడవ మెట్టు: చీటీని పరీక్షించండి

భౌగోళిక గుర్తింపు వాడుకునే అనుమతి ఉన్న రైతు కాయ తొడిమకు సాధారణంగా ఒక చీటీ కడతారు. దానిపై ప్రభుత్వ భౌగోళిక గుర్తింపు చిహ్నం, తోట వివరాలు, తరచుగా క్యూఆర్ కోడు ఉంటాయి. కోడును ఫోనుతో చదివించి, అందులో వచ్చే తోట పేరు, ఊరి పేరు పైన చెప్పిన మూడు మండలాల్లో ఒకదానికి చెందినవో కాదో చూడండి. కాయ విడిగా, చీటీ విడిగా ఉంటే ఆ చీటీకి విలువ లేదు. ముందే ఒలిచి డబ్బాలో పెట్టిన తొనలకు మూలం నిరూపించడం మరీ కష్టం. అందుకే ఈ పండును కాయగానే కొని, మీ ఎదుటే కోయించుకోవడం ఉత్తమం.

నాలుగవ మెట్టు: కాయ ముదిరిందో లేదో తేల్చుకోండి

అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇది. మలేసియాలో దూరియన్ పండి దానంతట అది రాలేదాకా ఆగుతారు. థాయ్‌లాండ్‌లో మాత్రం కాయను ముదిరిన దశలో చెట్టు మీదనే కోస్తారు. ఒకరు చెట్టెక్కి తొడిమ కోసి వదిలితే, కింద నిలబడిన మరొకరు గోనెసంచిలో దాన్ని పట్టుకుంటారు. ఈ పద్ధతి వల్ల కాయ దూరప్రాంతాలకు చెడకుండా చేరుతుంది. అయితే ధర బాగున్నప్పుడు కొందరు తొందరపడి లేత కాయలను కోసేస్తారు. లేత కాయ ఇంట్లో ఎన్ని రోజులు ఉంచినా మెత్తబడుతుందే తప్ప తీపి రాదు. థాయ్‌లాండ్‌లో లేత కాయను ముదురు కాయగా నమ్మించి అమ్మడం శిక్షార్హమైన నేరం కూడా.

తోటలోనే కొంటున్నట్లయితే పూత తేదీ అడగండి. దూరియన్ పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది, రాత్రి వేళ తేనె కోసం వచ్చే గబ్బిలాలు దానికి పరాగం చేరవేస్తాయి. చాలా తోటల్లో రైతులే దీపాలు పట్టుకొని రాత్రిపూట కుంచెతో ఆ పని చేస్తారు. కాబట్టి పూత ఏ వారంలో విచ్చుకుందో వారికి బాగా గుర్తుంటుంది. పువ్వు విచ్చిన నాటి నుంచి మోన్‌థోంగ్‌కు సుమారు 120 నుంచి 135 రోజులు, చనీకి సుమారు 105 నుంచి 115 రోజులు పట్టాలి. లెక్క చెప్పగలిగిన రైతు దగ్గర నిశ్చింతగా కొనవచ్చు.

ఇంతకన్నా కచ్చితమైన పరీక్ష ఎండు పదార్థం కొలత. థాయ్ వ్యవసాయ ప్రమాణాల ప్రకారం మోన్‌థోంగ్ గుజ్జులో కనీసం 32 శాతం, చనీలో కనీసం 30 శాతం ఎండు పదార్థం ఉండాలి. అంటే 10 గ్రాముల మోన్‌థోంగ్ గుజ్జును సన్నగా తరిగి, నీరంతా ఇగిరిపోయేదాకా ఎండబెడితే 3.2 గ్రాములైనా మిగలాలి. పండ్లను సేకరించే పెద్ద కేంద్రాల్లో మైక్రోవేవ్ పొయ్యి, చిన్న తూకం పెట్టుకొని ఈ పరీక్ష చేస్తారు. ఒకేసారి ఎక్కువ కాయలు కొనేవారు నమూనా కాయకు ఈ పరీక్ష చేసి చూపించమని మొహమాటం లేకుండా అడగాలి.

ఒక్క కాయ కొనేవారికి కన్ను, చెయ్యి, చెవి, ముక్కు చాలు. ముందుగా తొడిమను చూడండి. ముదిరిన కాయ తొడిమ గరుకుగా, బిగువుగా ఉండి, నడుమ ఉన్న కణుపు ఉబ్బి కనిపిస్తుంది. థాయి రైతులు ఆ కణుపును ‘ప్లింగ్’ అంటారు, ఆ మాటకు జలగ అని అర్థం. నెత్తురు తాగిన జలగలా ఉబ్బింది కనుక ఆ పేరు. తొడిమ పట్టుకొని కాయను కొద్దిగా ఊపితే అది స్ప్రింగులా ఆడాలి. తాజాగా కోసిన తొడిమ కొన మీద చిక్కని స్రావం కాకుండా పలచని నీరు కనిపించి, నాలుకకు తియ్యగా తగిలితే అది మరొక మంచి గుర్తు.

తరువాత ముళ్లు చూడండి. ముళ్ల కొనలు గోధుమ రంగుకు తిరిగి ఎండినట్టుండాలి. పక్కపక్కనే ఉన్న రెండు ముళ్ల కొనలను వేళ్లతో పట్టి దగ్గరికి నొక్కితే, ముదిరిన కాయలో అవి కాస్త వంగి దగ్గరవుతాయి, లేత కాయలో రాయిలా కదలవు. కాయ చుట్టూ నాలుగైదు ఉబ్బెత్తు భాగాలు ఉంటాయి. ఒక్కో భాగాన్ని ‘ఫూ’ అంటారు, తొనలు ఉండేది వాటిలోనే. ఉబ్బులన్నీ నిండుగా ఉన్న కాయను ఎంచుకోండి. ఒక పక్క నొక్కుకుపోయి ఉంటే అక్కడ గుజ్జు ఉండదు, బరువుకు మాత్రం డబ్బు పోతుంది. ఒక్కో ఉబ్బు వెన్ను మీద పైనుంచి కిందిదాకా సన్నని గీత కనబడితే కాయ పక్వానికి వచ్చినట్లే.

ఇక తట్టి చూడటం. అమ్మేవారి దగ్గర ఇందుకోసం చిన్న కర్ర ఉంటుంది. పుచ్చకాయను తట్టి ఎంచుకునే అలవాటున్న మనకు ఇది కొత్త కాదు. లేత కాయను తడితే దుంగను కొట్టినట్టు బిగువైన శబ్దం వస్తుంది. ముదిరిన కాయలో గుజ్జు తొక్క నుంచి కొంచెం విడివడుతుంది కాబట్టి డొల్ల శబ్దం వస్తుంది. ఒక్క చోట తట్టి తేల్చవద్దు, అన్ని ఉబ్బుల మీదా తట్టాలి. చివరగా తొక్క మీద సన్నని రంధ్రం, దాని చుట్టూ పొట్టు లాంటిది ఉందేమో వెతకండి. గింజ తొలిచే పురుగు బయటికి వచ్చిన దారి అది. అటువంటి కాయను పక్కన పెట్టండి. వరసగా కుండపోత వానలు కురిసిన మరునాడు కోసిన కాయ కన్నా, రెండు మూడు పొడి రోజుల తరువాత కోసిన కాయ గుజ్జు బిగువుగా ఉంటుందని కూడా గుర్తుంచుకోండి.

ఐదవ మెట్టు: ఏ రోజు తింటారో అమ్మేవారికి చెప్పండి

థాయి అంగడిలో మంచి అమ్మకందారు మొదట అడిగే ప్రశ్న ఇదే. ‘కిన్ వన్ నీ’ అంటే ఈ రోజే తింటామని, ‘కిన్ ఫ్రుంగ్ నీ’ అంటే రేపు తింటామని. పక్వదశలకు కూడా వారికి వేర్వేరు మాటలున్నాయి. ‘హామ్’ అంటే దోరగా ఉన్నది, కొరికితే కరకరలాడుతుంది. ‘సుక్’ అంటే పండినది. ‘క్రోప్ నోక్ నుమ్ నై’ అంటే పైన కరకర, లోపల మెత్తన. సిసకేత్ రైతులు తమ పండుకు గర్వంగా చెప్పుకునే లక్షణం ఇదే. మరీ పండి, గుజ్జు జారిపోతూ పులిసిన వాసన వచ్చే దశను ‘ప్లా రా’ అంటారు. అది ఆ ప్రాంతంలో చేపలను ఉప్పులో ఊరబెట్టి చేసే పదార్థం పేరు. మొదటిసారి తినేవారు ‘క్రోప్ నోక్ నుమ్ నై’ దశను అడగండి. నాకు తెలిసినంతలో దూరియన్‌తో స్నేహం కుదరడానికి అంతకన్నా మంచి దారి లేదు.

కాయను తొక్కతో సహా తూచి అమ్ముతారు. మొత్తం బరువులో తినదగిన గుజ్జు మూడో వంతు మించదని లెక్క వేసుకోండి. 3 కిలోల కాయ కొంటే చేతికి వచ్చేది ఒక కిలో లోపే, నలుగురు మనుషులకు అది చాలు.

ఆరవ మెట్టు: ఇంట్లో మాగనివ్వండి

దూరియన్ కూడా మామిడిలాగే కోసిన తరువాత మాగే పండు. ముదిరిన కాయ గది ఉష్ణోగ్రతలో సుమారు 3 నుంచి 5 రోజుల్లో పండుతుంది. గాలి ఆడే చోట, ఎండ తగలకుండా, గోనె మీద పెట్టండి. ఫ్రిజ్‌లో పెట్టవద్దు. 13 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువ చల్లదనంలో కాయ తొక్క నల్లబడి, లోపల మాగడం ఆగిపోతుంది. రోజూ ఉదయం కాయ అడుగు భాగాన్ని వాసన చూడండి. తియ్యని వాసన మొదటిసారి సన్నగా తగిలిన రోజున కోస్తే గుజ్జు బిగువుగా ఉంటుంది, మరునాడు కోస్తే మెత్తగా ఉంటుంది.

ఏడవ మెట్టు: కోయడం

పనసకాయ కోసే ఇంట్లో పెరిగినవారు చేతికి నూనె రాసుకోబోతారు. ఇక్కడ ఆ అవసరం లేదు, దూరియన్‌లో జిగురు పాలు కారవు. ఆ రెండూ చూపుకే దగ్గర, పుట్టుకలో దూరం. పనస మర్రి, మేడి చెట్లకు బంధువు కాగా, దూరియన్ పత్తికి, బెండకు, గోంగూరకు, బూరుగుకు బంధువు. కావలసింది నూనె కాదు, మందపాటి తోలు చేతితొడుగులు. అవి లేకపోతే రెండు మూడు మడతలు పెట్టిన తువ్వాలు సరిపోతుంది. ముళ్లు నిజంగానే గుచ్చుకుంటాయి, మలయ్ భాషలో ‘దురి’ అంటే ముల్లు, పండుకు పేరు వచ్చింది దాని నుంచే.

కాయను కదలకుండా తువ్వాలు మీద ఆనించండి. ఒక ఉబ్బు వెన్ను మీద ఉన్న గీతను వెతికి, పొట్టిగా, గట్టిగా ఉన్న చాకుతో ఆ గీత వెంట అడుగు నుంచి తొడిమ దాకా గాటు పెట్టండి. గాటు తొక్క మందం వరకే దిగాలి, అంతకన్నా లోతుకు వెళితే తొన తెగుతుంది. కొన దగ్గర చాకు మొనను దించి మెల్లగా తిప్పితే తొక్క పగులుతుంది. ఆ పగులులో బొటనవేళ్లు పెట్టి రెండు పక్కలకు లాగండి. బాగా పండిన కాయ సులభంగా విచ్చుకుంటుంది. ఎంతకీ విచ్చుకోకపోతే బలం ప్రయోగించకండి, ఇంకొక రోజు ఆగవచ్చు. తెల్లని బెండులో ఒదిగిన తొనలను వేళ్లతో కింద నుంచి ఎత్తి తీయండి. ఒక ఉబ్బు తీసిన తరువాత పక్క ఉబ్బులు కోయడం మరింత తేలిక.

ఎనిమిదవ మెట్టు: తినడం, ఎంత తినాలో తెలుసుకోవడం

తొనను చేత్తో పట్టుకొని, గింజ చుట్టూ ఉన్న గుజ్జును కొంచెం కొంచెంగా కొరికి తినండి. వాసనకు కారణం గంధకం కలిసిన సమ్మేళనాలు. 2017లో సింగపూర్ శాస్త్రవేత్తలు దూరియన్ జన్యుక్రమాన్ని వెలువరించినప్పుడు, ఆ సమ్మేళనాలను తయారుచేసే జన్యువు దూరియన్‌లో ఎక్కువ ప్రతులుగా ఉందని గుర్తించారు. ముక్కుకు ఘాటుగా తగిలినది నాలుక మీద వేరే రుచిగా మారడం రెండో ముద్దకే తెలుస్తుంది. జిగురు అన్నం, కొబ్బరిపాలతో కలిపి వడ్డించే ‘ఖావ్ నియావ్ థురియన్’ కూడా రుచి చూడండి. కొబ్బరిపాల వంటలు ఇష్టపడే మనకు అది వెంటనే నచ్చుతుంది. గింజలను పచ్చిగా తినకూడదు. పనస గింజల్లా బాగా ఉడికించి తినవచ్చు.

100 గ్రాముల దూరియన్ గుజ్జులో సుమారు 147 కిలోకేలరీల శక్తి, 27 గ్రాముల పిండిపదార్థాలు, 5 గ్రాములకు పైగా కొవ్వు, 430 మిల్లీగ్రాములకు పైగా పొటాషియం ఉంటాయి. మామిడి గుజ్జులో ఉండే శక్తికి ఇది రెండింతలకు పైమాటే. అందువల్ల ఒక పూటకు రెండు తొనలు చాలు. మధుమేహం ఉన్నవారు అంతకన్నా తగ్గించాలి, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు పొటాషియం కారణంగా వైద్యుని అడగకుండా ముట్టుకోరాదు. మద్యంతో కలిపి తినవద్దన్న థాయి పెద్దల మాటను కూడా పాటించండి. మద్యాన్ని శరీరం విరగ్గొట్టడానికి తోడ్పడే ఒక ఎంజైమును దూరియన్ సారం అణచివేస్తుందని, జపాన్‌లోని త్సుకుబా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2009లో ప్రయోగశాలలో గమనించారు. పండు తిన్నాక థాయి ప్రజలు మంగుస్తీన్ తింటారు. దాని పులుపు తీపి భారాన్ని దించి నోటిని తేలికపరుస్తుంది.

తొమ్మిదవ మెట్టు: దాచుకోవడం, ఇంటికి తేవడం

మిగిలిన తొనలను గాలి చొరని డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే రెండు మూడు రోజులు నిలుస్తాయి. అదే డబ్బాను గడ్డకట్టే అరలో పెడితే నెలల పాటు ఉంటాయి, సగం కరిగించి తింటే ఐస్‌క్రీములా ఉంటాయి. థాయ్‌లాండ్‌లో చాలా హోటళ్లు గదుల్లోకి దూరియన్‌ను అనుమతించవు, విమానయాన సంస్థలు చేతి సామానులో తీసుకుపోనివ్వవు. కాబట్టి తినేచోటనే కోయించుకోవడం మేలు. మన దేశంలోకి తాజా పండ్లు తేవడానికి ప్లాంట్ క్వారంటైన్ నియమాలు, అంటే పంట తెగుళ్లు లోపలికి రాకుండా పెట్టిన నియమాలు వర్తిస్తాయి. బయలుదేరే ముందే వాటిని తెలుసుకోండి. ఇంట్లోవారికి రుచి చూపించాలనుకుంటే దూరియన్ చిప్స్, లేదా గుజ్జును చక్కెరతో నెమ్మదిగా ఉడికించి మన తాండ్రలాగా చిక్కబరిచే ‘థురియన్ క్వాన్’ కొనండి. ప్యాకెట్టు మీద గడువు తేదీతో పాటు, పండు సిసకేత్‌దే అయినట్లయితే ఆ భౌగోళిక గుర్తింపు చిహ్నం కూడా ఉందో లేదో చూసి తీసుకోండి.